రెండో గుప్పెడు

తలుపు మూసుకోగానే నాకు మొదట గుర్తొచ్చింది ఓబయ్య కాదు, ఫారం. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ ఈ గంటలో నాకు నేను అబద్ధం చెప్పుకునే ఓపిక లేదు. లోపల బల్ల మీద ఓబయ్య పడుకుని ఉన్నాడు. మణికట్టు దగ్గర సన్నటి గొట్టం ఎక్కించి, గుండెకు రక్తం మోసే నాళంలో అడ్డుపడినదాన్ని తెరుస్తామని, ముప్పావుగంట పట్టొచ్చు గంట పట్టొచ్చు అని, గుండె ఇప్పటికే బాగా దెబ్బతింది కాబట్టి ఏ మాటా ఇవ్వలేమని చెప్పి ఈ నెల్లూరు ఆస్పత్రి గుండె డాక్టరు లోపలికి వెళ్లాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. వెంట వచ్చి మంచిపని చేశారు మేడమ్ అన్నాడు. మంచిపని. సోమవారం ఇదే మనిషిని గ్యాస్ మాత్రలిచ్చి ఇంటికి పంపిన డాక్టరు రేవతిని నేనే అని అతనికి ఇంకా తెలియదు. ఇవాళ బుధవారం. గోడ గడియారంలో పదీ పది. సాయంత్రం ఐదులోగా ట్యాబ్‌లో ఫారం నింపి పంపాలి. గుండె పరీక్ష చదివే ప్రోగ్రాం ఆకుపచ్చ, అంటే భయం లేదని, చూపించిన రోగికి వారంలోపు ఏమైనా అయితే ఎందుకయిందో రాయాలి, అది నియమం. ఓబయ్య బతుకుతాడా లేదా అన్నది లోపల తేలుతుంది. ఎందుకిలా అయిందన్నది మాత్రం నేనే తేల్చాలి.

పక్కన కామాక్షమ్మ, ఓబయ్య భార్య. ఎవరైనా వచ్చి లెమ్మంటే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు ఇనప కుర్చీ అంచున కూర్చుంది. ఆమె గుప్పిట్లో ఓబయ్య తాయెత్తు ఉంది, లోపలికి తీసుకుపోయేముందు నర్సు తాడు కత్తిరించి ఇచ్చింది. పొద్దున ఓబయ్య పడవలో కుప్పకూలితే, ఆ పడవ ఒడ్డుకు తగిలినప్పుడు ఈమె మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి, మొగుణ్ని నలుగురి చేత ఎత్తించి, ఆ చీరతోనే అంబులెన్సు ఎక్కింది. ఇసకకుప్పం నుంచి నెల్లూరుకు రెండు గంటల దారి. గూడూరు దాటేటప్పుడు నిమ్మకాయల లారీ ఒకటి మా ముందు ఆగిపోతే ఆ వాసన అంబులెన్సులోకి వచ్చేసింది, నేను తల తిప్పుకున్నాను. సోమవారం ఓబయ్య చెప్పింది అదే కదా. "నిమ్మకాయ సోడా తాగినానమ్మా, తేనుపొచ్చింది, తగ్గిపాయ." తగ్గిపాయ అన్నాడు. నొప్పి తనంతట తాను తగ్గిందా అన్న ప్రశ్నకు నేను ట్యాబ్‌లో అవును అని నొక్కాను. లారీ కదిలింది, వాసన పోయింది, ఆ అవును మాత్రం నెల్లూరు దాకా నాతోనే వచ్చింది.

ఆ ప్రోగ్రాం మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఈసీజీ తీగలు తగిలించి, పన్నెండు ప్రశ్నలడిగి జవాబులు నొక్కితే, లక్షల గుండెల గీతలు చదివిన ఆ కృత్రిమ మేధ అర నిమిషంలో రంగు చూపిస్తుంది. ఎరుపైతే వెంటనే నెల్లూరు, పసుపైతే గంటాగి మళ్లీ చూడు, ఆకుపచ్చైతే ఇంటికి పంపు. కింద చిన్న అక్షరాల్లో తుది నిర్ణయం వైద్యులదే అని ఉంటుంది. సిగరెట్టు పెట్టె మీది హెచ్చరికలాగా దాన్ని ఎవరూ చదవరు, నేనూ చదవలేదు. మొదటి నెల నేను ముందు ఆలోచించి తర్వాత రంగు చూసేదాన్ని. మూడో నెలకు రెండూ కలిసే జరిగేవి. ఆరో నెలకు ముందు రంగు చూసి, ఆ రంగుకు సరిపోయే ఆలోచన చేసేదాన్ని. ఇది ఏ రోజు మొదలైందో చెప్పమంటే చెప్పలేను. రోజుకు తొంభైమంది రోగులు, ఒక్క డాక్టరు అనవచ్చు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డికోసం అన్నాడట వెనకటికొకడు. నిజమేమిటంటే నాకు హాయిగా ఉండేది. ఇరవై ఏళ్లు ఒక్కదాన్నే మోసిన బరువుకు ఇంకెవరో ఒక చెయ్యి వేసినట్టుండేది, ఆకుపచ్చ కనబడగానే భుజాలు కిందికి దిగేవి. సోమవారమూ దిగాయి. లిల్లీ సిస్టర్ ఈసీజీ కాగితం చింపుతూ ఓబయ్య మొహం వైపు ఒకసారి చూసి, "మేడమ్, ఈడనే కూర్చోబెట్టి గంటాగి ఇంకోటి తీద్దామా" అంది. లిల్లీ ఇరవై ఆరేళ్లుగా నర్సు. నేను ట్యాబ్ ఆమె వైపు తిప్పి చూపించాను. ఊరికే చూపించాను. ఆమె ఆ ఆకుపచ్చను చూసి, సరే మేడమ్ అని తర్వాతి చీటీ పిలిచింది.

సోమవారం ఓబయ్య నాకు అబద్ధం చెప్పాడని, అదెందుకో కూడా ఇవాళ పొద్దున తెలిసింది. అతనితో పడవలో ఉన్న గిరిబాబు చెప్పాడు, వరసకు తమ్ముడు. "ఈ దినం అన్న పాడమ్మా, అందుకే ఎంత చెప్పినా ఆగలా" అన్నాడు, ఒళ్లంతా నీళ్లు కారుతూ. బుచ్చిరెడ్డిపాలెం వరి పొలాల్లో పుట్టిన నేను ఆరేళ్లుగా ఈ పులికాట్ సరస్సు ఒడ్డున పనిచేస్తున్నాను, రొయ్యల్లో రకాలు తెలుసు, గాలుల పేర్లు తెలుసు, పాడు సంగతి మాత్రం వినీ విననట్టు వదిలేశాను. పాడు అంటే వంతు. సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చే ముఖద్వారం దగ్గర రొయ్యలు బాగా పడే చోట్లు నాలుగో అయిదో ఉంటాయి. అందరూ ఎగబడితే కొట్టుకు చస్తారు. అందుకని ఊరి పెద్దలు చీట్లు వేసి, ఏ ఇంటివాళ్లు ఏ రోజు అక్కడ వల కట్టాలో ముందే తేలుస్తారు. తన పాడు రోజున మనిషి నీళ్లలో లేకపోతే వంతు వెనకవాడికి పోతుంది, మళ్లీ రావడానికి వారాలు పడుతుంది, అప్పటికి రొయ్యల కాలం ఉంటుందో లేదో. ఓబయ్య పాడు బుధవారం. సోమవారం నా ముందు కూర్చుని, పనిచేసేటప్పుడు నొప్పి వస్తుందా అని నేనడిగితే, మనసులో రెండు రోజులు లెక్క వేసుకుని ఉంటాడు. వస్తుందంటే నెల్లూరంటారు, నెల్లూరంటే పాడు పోతుంది. "పనిలో ఏం రాదమ్మా. తిన్నాక మంటగా ఉంటాది." నేను లేదు అని నొక్కాను. ఆ లేదును ప్రోగ్రాం నమ్మింది. నేనూ నమ్మాను. నమ్మడంలో దానికీ నాకూ తేడా ఏమిటని ఇప్పుడు అడుగుతున్నాను. దానికి ఓబయ్య కనబడడు. నాకు రెండడుగుల దూరంలో కనబడ్డాడు.

పదీ ఇరవై ఐదు. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. తలుపు మీద ఎర్ర దీపం అలాగే ఉంది. కాసేపు ఆ ప్రోగ్రాం మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ట్యాబ్ బ్యాగులోనే ఉంది, అంబులెన్సు ఎక్కే హడావుడిలో అదీ నాతో వచ్చేసింది. పొయ్యిలో పెట్టాలి దీన్ని అనుకున్నాను. అంతలో గంగాభవాని గుర్తొచ్చి నా నోరు మూయించింది. గంగాభవాని ఎండుచేపలమ్మే మనిషి, ముప్పై దాటి ఉంటుంది, రెండు నెలల దగ్గు. నేను ఆమెను మూడుసార్లు చూశాను. ఎండుచేపల దుమ్ములో దగ్గక ఏం చేస్తుంది అని మూడుసార్లూ దగ్గుమందిచ్చి పంపాను. నాలుగోసారి వచ్చినప్పుడు ఛాతీ ఎక్స్‌రేలు చదివే ప్రోగ్రాం కొత్తగా వచ్చి ఉంది, ఎలా చేస్తుందో చూద్దామని ఆమెను కూర్చోబెట్టాం. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో అది చిన్న చతురస్రం గీసింది. నాకు మబ్బులాగా కూడా కనబడలేదు. యంత్రం మనకు చెప్పేదేమిటి అనుకుని, ఒళ్లు మండుతూనే, కఫం పరీక్షకు పంపాను. క్షయ. ఇప్పుడు ఆ పిల్ల మొహం నిండుగా ఉంది, మొన్న నాకు ఎండు నెత్తళ్లు కాగితంలో చుట్టి తెచ్చింది. నాకే కదా ఆమెను మూడుసార్లు చూసి మూడుసార్లూ ఆమె పనిని మాత్రమే చూసిన ఘనత. ఆ రోజు ఆ చతురస్రం లేకపోతే ఆమె ఇంట్లో ఇద్దరు బిడ్డలకూ అంటేది. కాబట్టి పొయ్యిలో పెట్టడం అంత తేలిక కాదు. తప్పు దాని మీద తోయగలిగితే ఎంత బాగుండును, అదే నాకు కష్టంగా ఉంది.

మా నాన్న పద్మనాభయ్య ఉంటే ఏమనేవాడో. వడ్లు ఎండాయో లేదో గింజ పళ్ల మధ్య పెట్టి కొరికి చెప్పేవాడు. టక్ మని విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. పద్నాలుగు, పదిహేడు అని తేమ అంకె కూడా చెప్పేవాడు. మిల్లులో తేమ చూసే మిషన్ పెట్టినప్పుడు ఊళ్లో రైతులు రెండు జట్లయ్యారు, మిషన్ దొంగ అనేవాళ్లు కొందరు, ఇక నోరు పాడుచేసుకునే పనిలేదు అనేవాళ్లు కొందరు. నాన్న ఏ జట్టూ కాదు. నేను ఆరో తరగతి, ఆయన వెంట మిల్లుకు పోయేదాన్ని. ముందు గింజ కొరికేవాడు, అంకె పైకి చెప్పేవాడు, అప్పుడు మిషన్ చూసేవాడు. రెండూ కలిస్తే సరే. కలవకపోతే ఎవరితోనూ తగాదా పడేవాడు కాదు, పంచె ఎగగట్టి, మూటలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి రెండో గుప్పెడు తీసేవాడు. అదీ కొరికేవాడు, అదీ మిషన్లో పోసేవాడు. "మిషన్ అబద్ధం చెప్పదు రేవతమ్మా, దాని నోట్లో ఏ గింజ పోస్తే ఆ గింజ సంగతే చెప్తాది. పైగింజ పోసి అడుగుగింజ సంగతి చెప్పమంటే అదేం చేస్తాది" అనేవాడు. నేను కొరికి చూస్తానంటే నాకూ ఒక గింజ ఇచ్చేవాడు. చాలాకాలం నాకు తేడా తెలియలేదు, అన్నీ గట్టిగానే ఉండేవి. తర్వాత ఎప్పుడో ఒక వేసవిలో పళ్లకు తెలిసింది. పదహారు నాన్నా అన్నాను, మిషన్ పదహారున్నర చూపించింది, నాన్న మిల్లులో అందరికీ చెప్పుకున్నాడు. ఆ పళ్లే ఇప్పుడు నా నోట్లో ఉన్నాయి. సోమవారం లిల్లీ అడిగింది రెండో గుప్పెడు. గంటాగి ఇంకో ఈసీజీ. మూటలోకి చెయ్యి పెడదామని ఆమె అంటే, పైగింజ చూసి మూట కట్టేసిన మనిషిని నేను. నాన్నకు ఈ సంగతి చెప్పాల్సిన అవసరం రాకుండా ముందే పోయాడు, ఆ మేరకు అదృష్టవంతుడు.

ఫోను మోగింది. సుశీల్ కుమార్, ఆ ప్రోగ్రాం జిల్లాలో నడిపించే అధికారి. మంచివాడే, పేరుపెట్టి చెడ్డ చెప్పడానికి ఏమీ లేదు. "మేడమ్, అలర్ట్ ఇప్పుడే చూశాను. పేషెంట్ ఎలా ఉన్నారు?" అన్నాడు. లోపలున్నాడు అన్నాను. "మీరేం టెన్షన్ పడొద్దు మేడమ్. ఫారంలో మూడు కారణాలుంటాయి కదా. మొదటిది ప్రోగ్రాం లోపం. అది పెడితే ఎంక్వయిరీ అయ్యేదాకా సరస్సు పక్క సెంటర్లన్నింటిలో ఆపేస్తారు, ఎక్స్‌రే ప్రోగ్రాం కూడా. మూడోది డాక్టరు నిర్ణయంలో లోపం. అది పెడితే మీకు మెమో వస్తుంది, సంజాయిషీ, అదంతా ఎందుకు. రెండోది పెట్టేయండి, రోగి తప్పుడు సమాచారం ఇచ్చారు అని. నిజమే కదా మేడమ్ అది." పాము చావకూడదు, కర్ర విరగకూడదు. నిజమే కదా అన్నాడు, అక్కడే నాకు గుచ్చుకుంది. నిజమే. ఓబయ్య తప్పే చెప్పాడు. ఆ గడిలో వేలు పెడితే చట్టప్రకారం ఎవరూ ఏమీ అనలేరు. ప్రోగ్రాం మిగులుతుంది, నేను మిగులుతాను, గంగాభవాని లాంటివాళ్లకు ఎక్స్‌రే మిగులుతుంది, తప్పంతా తాయెత్తు కూడా తీసేసి లోపల పడుకోబెట్టిన మనిషిది అవుతుంది. అతనికి ఆ ఫారం ఒకటి ఉందని కూడా ఎప్పటికీ తెలియదు. చూస్తాను సుశీల్ గారూ అని పెట్టేశాను. నా గొంతులో చూస్తాను అన్న మాట సరే అన్న మాటలాగే వినిపించింది, అందుకు భయం వేసింది.

భయం వేసినప్పుడు నేను నేల చూస్తాను, చిన్నప్పటి అలవాటు. నేల మీద కామాక్షమ్మ పాదాలు, పాదాల మీద చీర కుచ్చిళ్లు, కుచ్చిళ్ల మీద మోకాళ్ల దగ్గర తెల్లటి గీత. ఉప్పు. అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆ చీర నీళ్లు కారి నా చెప్పులు తడిశాయి. గూడూరులో నిమ్మకాయల వాసనకు నేను తల తిప్పుకున్నప్పుడు చూశాను, అప్పటికే ఆరిపోయి గీత పడింది. అంత మందపాటి చీర, గంటన్నరలో. మరి చెయ్యి ఎంతసేపట్లో ఆరుతుంది? సోమవారం నాడి చూద్దామని ఓబయ్య చెయ్యి పట్టుకున్నాను, అది తడిగా ఉంది, చల్లగా ఉంది. అప్పుడు నేను అనుకున్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: నీళ్లలోంచి నేరుగా వచ్చాడు. ఇసకకుప్పం మగవాళ్ల చేతులు పొద్దునపూట ఎప్పుడూ తడిగానే ఉంటాయి, వలలు ఎత్తి నేరుగా వస్తారు, ఆరేళ్లలో ఈ ఊళ్లో నేను నేర్చుకున్న సంగతుల్లో అదొకటి, దాన్ని తెలివనుకున్నాను. కానీ ఓబయ్య చీటీ నంబరు యాభై రెండు. ఎనిమిదింటికి వచ్చి చీటీ తీసుకున్న మనిషి నా దగ్గరికి వచ్చేసరికి పదిన్నర. రెండున్నర గంటలు ఫ్యాను కింద కూర్చున్నవాడి చేతిమీద సరస్సు నీళ్లెక్కడివి? అది చెమట. చల్లటి చెమట, గుండె అరుస్తున్నప్పుడు పట్టే చెమట, వైద్యం చదివే పిల్లలకు మొదట నేర్పే పాఠం. పన్నెండు ప్రశ్నల్లో తడి గురించిన ప్రశ్న లేదు. ప్రోగ్రాంకు చెయ్యి లేదు. ఆ తడి లోకంలో నా అయిదు వేళ్లకు మాత్రమే తెలుసు. నా వేళ్లు ఏదో చెప్పబోయాయి కూడా, ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకున్నాను, ఆ సంగతీ గుర్తుంది. అప్పుడే తెర మీద ఆకుపచ్చ వచ్చింది. నేను చెయ్యి వదిలేశాను.

మింగలేక కక్కలేక ఎంతసేపు కూర్చున్నానో. పదీ నలభై ఐదు దాటింది. ఈ మాట ఓబయ్య బతికాక చెబితే అది గొప్పతనంలా ఉంటుంది, పోయాక చెబితే ఎందుకూ పనికిరాదు. చెప్పాల్సింది ఇప్పుడే, ఏదీ తెలియనప్పుడే. "అక్కా" అన్నాను. కామాక్షమ్మ తల తిప్పింది. "సోమవారం నేను ఆయన్ని ఇంటికి పంపకుండా ఉండాల్సింది. చెయ్యి చల్లగా చెమట పట్టి ఉంది, నేను నీళ్లనుకున్నాను. లిల్లీ ఇంకోసారి చూద్దామంది, నేను వినలేదు. తప్పు నాది."

ఆమె కుర్చీలో నా వైపు తిరిగి కూర్చుంది. నేను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నేనూ పక్కనే కూర్చోనుండినా గదమ్మా" అంది. "ఆదివారం వల లాగతా లాగతా రొమ్ము పట్టుకోని ఇసకలో కూలబడినాడు. నేను కళ్లారా చూసినా. నీకాడ పనిలో రాదంటా ఉంటే నోరు మెదపలా. పాడు పోతాదని." తాయెత్తును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నీ తప్పు లేదని నేననను. ఉండాది. మాదీ ఉండాది. నీది నువ్వు చెప్పినావు, నాది నేను చెప్పినా, ఆయన లేస్తే ఆయనది ఆయన చెప్తాడు. ఆ పలకని ఎవురు అడగతారు? దానికి మొగుడా, బిడ్డా, ఊరా."

ఇసకకుప్పంలో ట్యాబ్‌ను పలక అంటారు. ఎనిమిది నెలల్లో ఆ పలక గురించి ఎన్ని సమావేశాలకు పోయానో, ఎన్ని కాగితాలు చదివానో, బాధ్యత ఎవరిది అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. ఎండిన ఉప్పు చీరతో కూర్చున్న ఈ మనిషి ఒక్క ముక్కలో తేల్చేసింది. తప్పును మోయాలంటే ఎవరికైనా ఎదురుగా కూర్చోవాలి, కళ్లలోకి చూడాలి, అవతలివాళ్లు తిడతారేమోనని కాసుకోవాలి. ఆ పని దాని వల్ల కాదు. దానివల్ల అయ్యే పనులు చాలా ఉన్నాయి, నా కళ్లకు కనబడని చతురస్రాలు గీయగలదు, అలసిపోదు, యాభై రెండో చీటీని కూడా ఒకటో చీటీలాగే చూస్తుంది. దాన్ని పక్కన పెట్టుకోవాల్సిందే. నా చోట్లో మాత్రం కూర్చోబెట్టకూడదు. ఇంత చిన్న సంగతి నాకు తెలియడానికి ఒక మనిషి ప్రాణం మీదికి రావాల్సి వచ్చింది, దానికి నాకు దుఃఖం వచ్చింది, దాచుకోలేదు. కామాక్షమ్మ తన కొంగు చివర నాకిచ్చింది, ఉప్పు వాసన వేసింది.

అప్పుడు ఆమె ఫోను మోగింది. చిన్న ఫోను, గట్టిగా వినిపిస్తుంది. గిరిబాబు. "వదినా, అన్నకెట్టుండాది?" ఇంకా లోపలే ఉండాడు అంది. "వదినా, అన్నకి చెప్పు, పాడు మీదేనంట. తర్వాత వంతోళ్లు మేము వల దించేది లేదనేసినారు. అందరం కలిసి అన్న వల కట్టినాము. బాగానే పడతా ఉండాయి." ఆమె ఫోను ఒడిలో పెట్టుకుంది. పొద్దుటినుంచి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. "అడిగుంటే ఆగేవాళ్లే గదమ్మా" అంది. "ఆయనా అడగలా. నేనూ అడగలా." నేనూ అడగలేదక్కా అన్నాను. ఆరేళ్లుగా ఆ ఊళ్లో ఉండి, నీ పాడు ఎప్పుడు ఓబయ్యా అని ఒక్క మాట అడిగి ఉంటే, అతను ఎక్కడ చూస్తూ జవాబు చెబుతాడో చూసి ఉంటే చాలు.

పదకొండూ పదికి ఎర్ర దీపం ఆరిపోయింది. గుండె డాక్టరు మొహానికున్న గుడ్డ కిందికి లాగుతూ వచ్చాడు. "తెరుచుకుంది మేడమ్. గుండె కండరం కొంత పోయింది, రెండు రోజులు జాగ్రత్తగా చూడాలి, కానీ నిలబడతాడనే అనుకుంటున్నాను" అన్నాడు. కామాక్షమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా. ఆమె వింటుండగానే అతనికి సోమవారం సంగతి చెప్పాను, తడి చెయ్యి, లిల్లీ, ఆకుపచ్చ, అన్నీ. "మాకూ ఉంది మేడమ్ అలాంటి ప్రోగ్రాం ఒకటి. ఇంకో డాక్టరుకు చెప్పుకోవాల్సిన కథలు నాకూ రెండున్నాయి" అన్నాడతను. చెప్పండి, ఒకరోజు కూర్చుని అందరం చెప్పుకుందాం అన్నాను. మాటవరసకు అనలేదు, అతని నంబరు తీసుకున్నాను.

ట్యాబ్ బయటికి తీశాను. మూడోది నొక్కాను, వైద్యుల నిర్ణయంలో లోపం. కింద వివరాలకు గడి ఉంది, అందులో రాశాను: రోగి చెయ్యి చల్లగా, తడిగా ఉంది. సరస్సు నీళ్లనుకున్నాను, రెండున్నర గంటలు వేచి ఉన్నాడని గమనించలేదు. నర్సు మళ్లీ ఈసీజీ తీద్దామన్నారు, ఆకుపచ్చ చూసి నేను వద్దనుకున్నాను. రేపటినుంచి మా కేంద్రంలో రంగు చూడకముందే నా అభిప్రాయం, నర్సు అభిప్రాయం కాగితం మీద రాస్తాం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కలవకపోయినా రోగిని గంటసేపు ఉంచి మళ్లీ చూస్తాం. ప్రోగ్రాంను ఆపవద్దు. సరస్సు ఊళ్లకు పదమూడో ప్రశ్న ఒకటి చేర్చండి: ఈ వారం మీ పాడు ఉందా. పంపేశాను. రెండు నిమిషాల్లో సుశీల్ కుమార్ ఫోను చేశాడు, గొంతు తగ్గించి, "మేడమ్, మెమో వస్తుంది మీకు" అన్నాడు. రానివ్వండి అన్నాను. ఆ మాట వదిలేసి, "పాడు అంటే ఏంటి మేడమ్?" అన్నాడు. ఎనిమిది నెలల్లో అతను నన్ను అడిగిన మొదటి మంచి ప్రశ్న అది. ఆదివారం ఇసకకుప్పం రండి, పడవ ఎక్కిస్తాను అన్నాను.

పన్నెండు కావస్తుండగా మా ఇద్దర్నీ లోపలికి రానిచ్చారు. ఓబయ్య మొహం చిన్నదైపోయింది, ఒంటినిండా తీగలు. మమ్మల్ని చూడగానే అడిగిన మాట, "పాడు పోయిందా?" కామాక్షమ్మ వంగి తాయెత్తు అతని దిండు కింద పెట్టి, "పోలా. మనోళ్లందరూ కలిసి నీ వల కట్టినారు" అంది. అతను మొహం అటు తిప్పుకున్నాడు, కళ్లమూలనుంచి నీళ్లు చెవిలోకి జారాయి. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. తెర మీద నాడి అంకె ఉంది, చూడలేదు, ముందు వేళ్లతో లెక్కపెట్టాను. చెయ్యి పొడిగా ఉంది, వెచ్చగా ఉంది. ఆరేళ్లలో ఇసకకుప్పం మగవాడి చెయ్యి ఇలా పొడిగా నేను పట్టుకున్నది ఇదే మొదటిసారేమో.

"నొప్పి ఉందా ఓబయ్యా?"

అతను నోరు తెరిచాడు, లేదు అనబోయాడు, నాకు ఆ లేదు పెదాల మీద కనబడింది. నేను చెయ్యి వదల్లేదు. భార్య వైపు చూశాడు, ఆమె అతన్నే చూస్తోంది. మళ్లీ నా వైపు చూశాడు.

"రవంత ఉండాదమ్మా" అన్నాడు.

నేను గడియారం చూసి, ఆ రవంతను కాగితం మీద రాసుకున్నాను.